తాతగారి ఫియట్‌ని రిస్టోరేషన్ బండిగా అమ్మాలంటే: రంగు జోలికి పోకండి, సి-బుక్ సంగతి ముందు చూడండి

అడిగింది ఇదీ: తెనాలి దగ్గర ఇంటి వెనక షెడ్డులో 1970 నాటి ఫియట్ 1100 డిలైట్ ఉంది. పద్దెనిమిదేళ్లుగా కదల్లేదు, ఇంజన్ తిరగట్లేదు. సి-బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం, ఆర్‌సీ) చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంది. పెయింటరు 60 వేలిస్తే రంగేసి ఇస్తాను, తర్వాత మంచి రేటుకి పోతుందంటున్నాడు. పాత ఇనుము కొట్టాయన ఉన్నపళంగా 25 వేలిస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినొద్దు. ఈ బండి బరువు సుమారు 900 కిలోలు. 25 వేలంటే కిలోకి 28 రూపాయలు కూడా పడలేదు, అంటే ఆయన కట్టింది ఇనుము ధరే. పెయింటరు మాట అంతకన్నా నష్టం. ఇలాంటి బండిని రిస్టోరేషన్ కోసం, అంటే బాగుచేసి మళ్లీ అసలు రూపానికి తెచ్చుకోవడానికి కొనేవాడు రంగు చూసి కొనడు, రేకు చూసి కొంటాడు. తుప్పు మీద లప్పం పెట్టి, దాని మీద రంగు కొట్టిన బండి కనిపిస్తే లోపల ఏముందోనని భయపడి ధర తగ్గిస్తాడు. కొన్నాక ఎలాగూ ఆ రంగంతా గీకించాలి కాబట్టి ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకుంటాడు. మీ 60 వేలు పోవడమే కాక బండి ధర ఇంకో 20, 30 వేలు పడిపోతుంది. పైగా తెనాలి గాలిలో తేమ ఎక్కువ. సరిగా శుభ్రం చేయని తుప్పు మీద వేసిన రంగు ఒక్క వానాకాలానికే బొబ్బలు లేస్తుంది.

చేతిలో డబ్బుంటే అది కాగితాలకీ, బండి నాలుగు చక్రాల మీద దొర్లేలా చేయడానికీ, విడి సామాన్లు ఒక చోట చేర్చడానికీ పెట్టండి.

ముందు బండి పేరు సరిచూసుకోండి. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఈ డిలైట్‌ని 1964 నుంచి చేసింది. 1972లో ఫియట్ పేరు తీసేసి ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అయింది. మీది 1970 బండి కాబట్టి డిలైటే. ప్రకటనలో "1970 పద్మిని" అని రాశారంటే తెలిసినవాడు అక్కడే ఆగిపోతాడు. తలుపులు ముందువైపు బందుల మీద తెరుచుకుంటున్నాయా చూడండి. ముందు తలుపులు వెనకవైపు బందుల మీద తెరుచుకుంటే అది సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ కాలం నాటి పాత మోడల్, దాని ధర వేరు. తర్వాతి రోజుల్లో పద్మిని గ్రిల్లు, పద్మిని లైట్లు బిగించిన డిలైట్లు చాలా ఉన్నాయి. మీ దానికీ అలా జరిగి ఉంటే దాచకండి, రాసెయ్యండి.

ఇక కాగితాలు. బేరాలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

యజమాని చనిపోయాక బండిని వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంది. మూడు నెలల్లో పెట్టాల్సిన దరఖాస్తు అది. దాటితే ఆలస్య రుసుము పడుతుంది, అంతేగానీ దారి మూసుకుపోదు. మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసులందరూ "మాకు అభ్యంతరం లేదు" అని నోటరీ చేయించి ఇచ్చే అఫిడవిట్లు కావాలి. మేనత్తలు, బాబాయిలు ఎంతమంది ఉంటే అంతమంది సంతకాలూ తీసుకోండి. బండి 25 వేలని అందరూ అనుకుంటున్నప్పుడు నవ్వుతూ సంతకం పెడతారు. లక్షకి బేరం కుదిరిందని తెలిశాక అడిగితే అదే సంతకానికి ఆరు నెలలు తిరగాలి.

తాతగారి సంతకాన్ని మీరే, అమ్మినప్పుడు పేరు మార్చడానికి వాడే ఫారం 29, 30ల మీద పెట్టి ఇచ్చేయమని సలహా చెప్పేవాళ్లు తప్పక తగులుతారు. అది ఫోర్జరీ. రేపు ఆ బండితో ఏదైనా జరిగితే దొరికేది మీరే.

పాత మూడక్షరాల నంబరు బండి కాబట్టి ఆన్‌లైన్‌లో వివరాలు కనిపించకపోవచ్చు. కంప్యూటర్లు రాకముందు రిజిస్టరైన బండ్లు చాలావరకు ప్రభుత్వ వాహనాల రికార్డైన వాహన్ డేటాబేసులో లేవు. ముందు ఆర్టీవో ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం, చేయించుకోవాలి. అసలు సి-బుక్, పాత పన్ను రసీదులు పట్టుకుని నేరుగా వెళ్లండి. సి-బుక్ చెదలు తినేసి ఉంటే డూప్లికేట్‌కి ఫారం 26. బండి మీద ఎప్పుడైనా లోను తీసుకుని ఉంటే ఆ ముద్ర ఇంకా సి-బుక్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తీయించడానికి ఫారం 35 మీద బ్యాంకు సంతకం కావాలి. ఆ బ్యాంకు ఇప్పుడు ఇంకో బ్యాంకులో కలిసిపోయి ఉంటే ఈ ఒక్క పనికే నెల పట్టొచ్చు, అందుకని ముందు దీన్నే మొదలుపెట్టండి.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. రెన్యువల్ చేయాలంటే బండి తనిఖీకి నడిచి రావాలి. నడవని బండికి రెన్యువల్ లేదు, రెన్యువల్ లేనిదే పేరు మార్చడం కుదరదని చాలా ఆఫీసుల్లో అంటారు. ఈ ముడి విప్పడానికి బండిని నడిచేలా చేయడం మీకు గిట్టుబాటు కాదు, అది కొనేవాడి పని. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజే 10 వేలయింది. కాబట్టి వారసత్వ బదిలీ మాత్రమే అడుగుతూ దరఖాస్తు పెట్టండి, కుదరదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. "బండి నడిచే స్థితిలో లేదు, లారీ మీద తీసుకెళ్తున్నారు, రెన్యువల్, బదిలీ కొన్నవారి బాధ్యత, వారసులుగా మేం అవసరమైన సంతకాలన్నీ పెడతాం" అని ఒప్పందంలో రాయొచ్చు. ఇలా అమ్మితే ధర కొంత తగ్గుతుంది. పేరు మీ మీదికి మారి ఉన్న బండికి, మారని బండికి మధ్య తేడా ఒక ఇంజన్ పని ఖర్చంత ఉంటుంది.

మీ బండికి ఇంకో దారి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకి రూ.20,000, పదేళ్ల గడువు, తర్వాత మళ్లీ చేయించడానికి రూ.5,000. పాత నంబరు ఉన్నవాళ్లు అదే ఉంచుకోవచ్చు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తప్ప రోజువారీ తిరగడానికి పనికిరాదు. ఇది మీరు చేయించాల్సిన పని కాదు. కానీ 1970 రిజిస్ట్రేషన్, అసలు ఇంజన్ అని చూపించగలిగితే కొనేవాడికి ఆ దారి తెరిచినట్టే. మీ ప్రకటనలో అన్నిటికన్నా బరువైన మాట "ఇంజన్ నంబరు సి-బుక్‌తో సరిపోయింది" అన్నదే. డీజిల్ ఇంజన్ వేయించుకున్న ఫియట్లు మన వైపు తక్కువేం లేవు. వాటికి ఈ దారి కష్టం.

నంబర్లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. బానెట్ ఎత్తి ఇంజన్ గది వెనక గోడ మీద చాసిస్ నంబరు, బ్లాకు మీద ఇంజన్ నంబరు వెతకండి. మట్టి, గ్రీజు పట్టి ఉంటుంది. గుడ్డ కిరసనాయిల్లో ముంచి నానబెట్టి తుడవండి, మహా అయితే మెత్తని ఇత్తడి బ్రష్షు వాడండి. గ్రైండరు గానీ ఉప్పుకాగితం గానీ తగలనివ్వొద్దు. నంబరు చుట్టూ మెరిసే గీతలు పడ్డాయంటే తనిఖీ చేసేవాడికి అది దిద్దిన నంబరులానే కనిపిస్తుంది. శుభ్రమయ్యాక పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి. రెండు కాపీలు తీసి ఒకటి సి-బుక్‌తో పాటు ఉంచండి.

షెడ్డులోకి వెళ్లేటప్పుడు మందపాటి బూట్లు, చేతికి తొడుగులు వేసుకోండి. ఎలుకలున్న చోటికి పాములొస్తాయి. సీట్ల కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి.

ఇంజన్ గురించి. దీన్ని స్టార్ట్ చేసే ప్రయత్నం చేయకండి. గేరులో వేసి ట్రాక్టరుతో లాగిస్తే తిరుగుతుందని చెప్పేవాళ్ల మాట అసలే వినకండి. పిస్టన్ రింగులు సిలిండరు గోడకి తుప్పుతో పట్టేసి ఉన్నప్పుడు అలా లాగితే రింగులు విరుగుతాయి, పుష్‌రాడ్లు వంగుతాయి. నాలుగు ప్లగ్గులూ తీసి ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. ఆటోమాటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్), డీజిల్ సగం సగం కలిపి ఒక్కో సిలిండరులో 20 మిల్లీలీటర్లు పోసి వారం వదిలేయండి. రెండ్రోజులకోసారి కాస్త పోస్తూ ఉండండి. తర్వాత బండి న్యూట్రల్‌లో ఉంచి ముందు పుల్లీ నట్టుకి పానా వేసి ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదిలించండి. కదిలిందా, పూర్తిగా రెండు చుట్లు తిప్పి, వీడియో తీసి, అక్కడితో ఆపండి. కదలకపోతే బలం పెట్టకండి, "ఇంజన్ జామ్" అని రాసేయండి. 1089 సీసీ ఇంజన్, పద్మినికీ ఇదే కుటుంబం, బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. చేత్తో తిరిగే ఇంజన్‌కి, జామ్ అయిన ఇంజన్‌కి మధ్య తేడా కొనేవాడికి పాతిక, ముప్పై వేల మాట. స్టార్ట్ అయిన ఇంజన్‌కి అంతకన్నా పెద్దగా కలిసేదేం లేదు, ఎందుకంటే ఎలాగూ విప్పుతాడు.

బాడీ దగ్గరే అసలు ధర తేలుతుంది. అంబాసిడర్‌లాగే ఫియట్‌కి కూడా విడిగా చాసిస్ ఫ్రేము లేదు, బాడీయే బండికి ఎముకల గూడు. తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె లాంటి భాగం, మెకానిక్కులు సిల్ అంటారు, అది పుచ్చిపోతే బండి నడుం విరిగినట్టే. దీన్ని తేల్చడానికి ఒక పరీక్ష చాలు. నాలుగు తలుపులూ వేసి పక్క సందులు చూడండి. ముందు తలుపు వెనక అంచు దగ్గర పైన సందు ఎంత, కింద ఎంత? రెండూ ఒకటేనా? ఇప్పుడు వెనక యాక్సిల్ ఒక చివర కింద జాకీ పెట్టి ఎత్తి (సిల్ కింద పెడితే రేకులోకి దిగబడిపోతుంది) మళ్లీ అవే తలుపులు తెరిచి మూయండి. ఎత్తాక తలుపు పట్టేస్తే గానీ, లాకు కిందకి మీదకి తప్పితే గానీ సిల్‌లో బలం లేనట్టు. రెండుసార్లూ ఒకేలా పడితే ఆ మాట ప్రకటనలో ముందు వరుసలో పెట్టండి, వీడియోతో సహా.

మిగతా చోట్ల చిన్న స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. నేల రేకు, ముఖ్యంగా డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాటు కింద. ముందు ఫెండర్ల కింది కొసలు, హెడ్‌లైట్ల చుట్టూ, వెనక చక్రాల గూళ్లు, డిక్కీలో స్టెప్నీ పడుకునే గుంట, ముందు అద్దం రబ్బరు కింద, బ్యాటరీ ట్రే. ఫ్రిజ్ మీద పెట్టే మామూలు అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి రేకు మీద నడిపించండి. పట్టుకోని చోట కింద లప్పం దళసరిగా ఉంది. ప్రతి రంధ్రం పక్కనా ఒక రూపాయి నాణెం పెట్టి ఫోటో తీయండి, ఎంత పెద్దదో తెలుస్తుంది.

తర్వాత బండి దొర్లాలి. ఏళ్ల తరబడి నిలబడితే బ్రేకు డ్రమ్ములు పట్టేస్తాయి. చక్రం తీసి, షూల సర్దుబాటు వెనక్కి తిప్పి, చెక్క సుత్తితో డ్రమ్ము అంచు చుట్టూ తట్టండి. అయినా రాకపోతే వీల్ సిలిండరు బ్లీడింగ్ నట్టు సడలించి, లోపల నిలిచిపోయిన ఒత్తిడి వదలండి. హ్యాండ్‌బ్రేకు తీగ పట్టేసి ఉంటే దాన్ని విప్పేయండి. టైర్లు పగిలి ఉంటే కొత్తవి కొనకండి, గాలి నిలిచే పాతవి అరువు తెచ్చి బిగించినా చాలు. దొర్లే బండిని ఫ్లాట్‌బెడ్ మీదకి ఇద్దరు తోసేస్తారు. దొర్లని బండికి క్రేనో జేసీబీనో పిలుస్తారు, వాడు బంపరుకి గొలుసు వేసి ఎత్తుతాడు. అప్పటిదాకా బాగున్న క్రోమ్ బంపరు అక్కడ వంగుతుంది.

బంపరు వంగితే ఎంత అనుకోకండి. ఫియట్ మెకానికల్ సామాను విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, చెన్నై పుదుప్పేటలోనో వెతికితే దొరకొచ్చు. దొరకనిది డిలైట్‌కి మాత్రమే సరిపోయే బయటి అలంకారం: గ్రిల్లు, హబ్‌క్యాపులు, పక్క బీడింగులు, బ్యాడ్జీలు, టెయిల్ లైటు అద్దాలు, హారన్ రింగు, స్పీడోమీటరు. బొంబాయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోయాక తుక్కు నుంచి వచ్చే సామాను కూడా తగ్గుతూ పోతుంది. అందుకని షెడ్డు మూలలు, అటక, పాత ట్రంకు పెట్టె, అన్నీ వెతకండి. దొరికిన ప్రతి ముక్కనీ కవర్లో వేసి చీటీ రాసి అతికించండి. ఒక దుప్పటి మీద అన్నీ పరిచి ఒకే ఫోటో తీయండి. కొనేవాడికి బండి ఫోటో కన్నా ఆ ఫోటో మీదే ఎక్కువసేపు కళ్లు నిలుస్తాయి.

ధర ఎలా కట్టాలి? వెనక నుంచి లెక్కేసుకు రండి. మీ ఊరి మెకానిక్‌తో, టింకరింగ్ చేసేవాడితో నిజమైన కొటేషన్లు రాయించుకుని ఈ అంకెల స్థానంలో అవి పెట్టండి, ఇవి లెక్క చూపించడానికి మాత్రమే. పూర్తిగా బాగుచేసిన డిలైట్ 5,50,000కి పోతుందనుకుందాం. టింకరింగ్, రంగు 1,60,000. ఇంజన్ 65,000. బ్రేకులు, సస్పెన్షన్ 35,000. వైరింగు, సీట్లు 50,000. టైర్లు, బ్యాటరీ 25,000. క్రోమ్ 30,000. కాగితాలు 20,000. మొత్తం 3,85,000. మిగిలింది 1,65,000. అనుకోని ఖర్చుకి పదిహేను శాతం, అంటే సుమారు 58 వేలు కొనేవాడు తప్పకుండా పక్కన పెడతాడు. తేలింది లక్షా ఏడు వేలు. 1,35,000 అడగండి, 95 వేల కన్నా కిందకి దిగకండి. సిల్ పుచ్చిపోయి ఉంటే టింకరింగ్ అంకె పెరుగుతుంది, అప్పుడు మిగిలేది ఇనుము ధరకి దగ్గరగా వచ్చినా ఆశ్చర్యపోకండి.

ప్రకటన పొడవుగా, పొగడ్త లేకుండా ఉండాలి. ఇలా: "1970 ఫియట్ 1100 డిలైట్, ఒకే కుటుంబం. 18 ఏళ్లుగా షెడ్డులో ఉంది, నడవదు. ఇంజన్ చేత్తో తిరుగుతుంది, స్టార్ట్ చేయలేదు. ఇంజన్, చాసిస్ నంబర్లు సి-బుక్‌తో సరిపోయాయి. రిజిస్ట్రేషన్ గడువు ముగిసింది, వారసత్వ బదిలీ దరఖాస్తు పెట్టాం. డ్రైవరు వైపు నేల రేకులో రెండు రంధ్రాలు, డిక్కీ గుంట పుచ్చింది, సిల్‌లు గట్టిగా ఉన్నాయి, ఫోటోలు చూడండి. ఒక హబ్‌క్యాపు, హారన్ రింగు లేవు. దొర్లుతుంది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం." వారసుల పత్రాలు పెట్టకండి, చాసిస్ నంబరు చివరి నాలుగంకెలు మూసేయండి. ఫోటోల కోసం నీళ్లతో దుమ్ము కడిగితే చాలు, పాలిష్ వద్దు. ప్రెషర్ పంపు అసలే వద్దు, పుచ్చిన రేకు ఊడి వస్తుంది.

ఫోన్ చేసినవాడు మొదట ఏం అడిగాడో బట్టి మనిషి తెలిసిపోతాడు. "లాస్ట్ ఎంత?" అన్నవాడు దళారి. "హబ్‌క్యాపులు, గ్రిల్లు విడిగా ఇస్తారా?" అన్నవాడు సామాను కోసం వచ్చినవాడు. అవి ఇచ్చేశారంటే మిగిలిన బండికి ఇనుము కొట్టే గతి. సిల్‌లు, నంబర్లు, కాగితాల గురించి అడిగినవాడు వచ్చి చూస్తాడు, అతనికి సగం రోజు కేటాయించండి. బండిని చూడకుండానే ఒప్పేసుకుని, తాను సైన్యంలో ఉన్నానని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాడు మోసగాడు. డబ్బు తీసుకోవడానికి ఎక్కడా పిన్ కొట్టక్కర్లేదు.

బేరం కుదిరితే పది శాతం బయానా, ఎన్ని రోజుల్లో తీసుకెళ్లాలో రసీదు మీదే రాయండి. మిగతాది బ్యాంకు ద్వారా, లారీ ఎక్కించకముందే. ఒక అమ్మకంలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బయటి రాష్ట్రం వాడైతే ఫారం 28 మీద ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, అది ఎవరు తెప్పించాలో, ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

బండి మీ పేరుకి మారి ఉంటే ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 సంతకాలు పెట్టి, కొన్నవాడి పేరు, తేదీ పూర్తిగా నింపి ఇవ్వండి, ఖాళీ ఫారాలు ఇవ్వొద్దు. ఆర్టీవో రికార్డులో పేరు ఎవరిదుంటే ప్రమాదానికి బాధ్యుడు వాడేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫారం 29 మీ ఆర్టీవో ఆఫీసులో మీరే ఇచ్చి ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి. బండి ఇచ్చిన తేదీ, టైము రాసిన డెలివరీ చీటీ మీద కొన్నవాడి సంతకం, అతని ఆధార్ కాపీ, నంబరు ప్లేటు కనిపించేలా లారీ మీద బండి ఫోటో కూడా. నెలన్నర తర్వాత రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో పేరు మారిందో లేదో చూడండి. మారకపోతే అవే కాగితాలు జత చేసి ఆర్టీవోకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి, ఆ పోస్టు రసీదు సి-బుక్ జిరాక్సుతో కలిపి పిన్ను కొట్టి పెట్టుకోండి.